గోడకేసి తిరిగిన సిస్టరమ్మ

మా పక్క ఫ్లాట్ సిస్టరమ్మ పోయింది. జ్వరమన్నారు, తర్వాత గుండె అన్నారు. ఆవిడ కూతురు కబురు చెప్పడానికి తలుపు కొట్టినప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. నాకు మామూలుగా ఏ చప్పుడైనా ఎవరో పోయారనే అనిపిస్తుంది. ఈసారి అదే నిజమైంది.

షార్జాలో మా రోలా పేట తెలుగువాళ్లందరూ ఆవిడ శాంతమూర్తి అంటున్నారు. ఎవరికి సూది వేయాలన్నా, కట్టు కట్టాలన్నా పిలవకుండానే వచ్చేదంటున్నారు. అది నిజమే. శాంతమూర్తి అన్నది మాత్రం అబద్ధం. పగ పట్టడం తెలిసిన మనిషి. ఆ సంగతి ఇంకెవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. నాలుగో తరగతితో ఆగినదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

ఆ నాలుగో తరగతి ఆగడానికి కారణం మా ఊరి మాస్టారు. ఎక్కం అప్పజెప్పలేదని నన్ను ఎండలో మోకాళ్ల మీద నిలబెట్టి, బడినంతా వరసగా తీసుకొచ్చి చూపించాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆయన ఎప్పుడో పోయాడు. నాలో మాత్రం చావలేదు. ఎయిర్‌పోర్టులో గానీ ఆస్పత్రిలో గానీ, బల్ల వెనకాల కూర్చున్నవాళ్లు పేరడిగితే చాలు, ఇప్పటికీ చేతులు కట్టుకుని నిలబడిపోతాను.

సిస్టరమ్మ వయసులో ఉండగా జర్మనీలో ముసలివాళ్ల ఆస్పత్రిలో పనిచేసింది. ఆ భాష వచ్చు. అక్కడి కథల పుస్తకాలు కొన్ని వెంట తెచ్చుకుంది. కరోనా రోజుల్లో మధ్యాహ్నం పూట మా వంటింట్లో స్టూలు వేసుకుని, నేను కొత్తిమీర బాగుచేస్తుంటే, ఒక్కో పేజీ తనలో తను చదువుకుని తెలుగులో చెప్పేది. అన్నీ బడి కథలే. ఒక దాంట్లో హాస్టల్ పిల్లవాడు ఎదురు ప్రశ్న వేశాడని హెడ్మాస్టరు రోజూ పొద్దున్నే మంచులో నిలబెడతాడు.

"మిగతా పిల్లలేం చేస్తున్నారు?" అన్నాను.

"లోపల సూప్ తాగుతున్నారండి."

"ఒక్కడైనా లేవడేం? కాళ్లు పడిపోయాయా?"

"వాళ్లు లేస్తే ఇంకేముంది వదినగారూ, హెడ్మాస్టరు ఖలాస్. పుస్తకం అక్కడితో అయిపోతుంది."

"పోనీ, ఆ హెడ్మాస్టరుకి చివర్లో పక్షవాతమైనా వస్తుందా?"

ఆవిడ పకపకా నవ్వింది. "రాదండి. పింఛను తీసుకుని హాయిగా పోతాడు. కానీ చూడండి, ఆ బళ్లలో దెబ్బలు తిన్నవాళ్లే పెద్దయ్యాక ఇవన్నీ రాశారు. మీరూ నేనూ ఎక్కడో షార్జాలో కూర్చుని ఆయన్ని తిడుతున్నాం కదా? పోయినవాణ్ణి కూడా పుస్తకంలో ఎన్నిసార్లైనా కొట్టుకోవచ్చు."

ఆ మాట నా కడుపులో చల్లగా దిగింది.

అప్పట్లో మా మనవరాలు రెండో తరగతి. కొడుకూ కోడలూ డ్యూటీకి వెళితే, ఇంట్లో కంప్యూటర్ ముందు అదీ, వెనకాల మంచం మీద నేనూ. లెక్కల మేడమ్‌కి ఒక అలవాటుండేది. జవాబు తప్పు చెప్పిన పిల్లని కెమెరా ముందే గోడకేసి తిరిగి నిలబడమనేది. మా ఇంట్లో, మా గోడకేసి, మా పిల్ల నిలబడేది. ఎక్కడో కూర్చున్న మనిషి మాటకి! ఇంగ్లీషు రాక నేను ఏమీ అనలేకపోయేదాన్ని. పిల్ల అన్నం మానేసింది. నిద్రలో ఎక్కాలు కలవరించేది. దీనికీ నా బతుకే వస్తుందేమో, జన్మంతా చేతులు కట్టుకుంటుందేమోనని కుమిలిపోయాను.

ఒకరోజు పిల్ల అలా నిలబడి ఉండగా సిస్టరమ్మ చారు గిన్నె పట్టుకుని వచ్చింది. చూసింది. గిన్నె బల్ల మీద పెట్టి, "రండి వదినగారూ," అని నా చెయ్యి పట్టుకుని లాగింది.

"వద్దు సిస్టరమ్మా! స్కూలు వాళ్లకి కోపమొచ్చి టీసీ ఇచ్చేస్తారు. మావాడి ముదీర్‌కి, అదే ఆఫీసు మేనేజరుకి, తెలిస్తే ఉద్యోగం పోతుంది, వీసా పోతుంది..."

"పోతే అందరం కలిసే విమానం ఎక్కుదాం. యల్లా, పదండి!"

పిల్లకి ఆ పక్కన ఆవిడ, ఈ పక్కన నేను. గోడకేసి తిరిగాం. వెనక నుంచి మేడమ్ గొంతు: "కౌన్ హైఁ ఆప్ లోగ్?" ఎవరు మీరని.

సిస్టరమ్మ తల తిప్పలేదు. "హమ్‌కో భీ నహీ ఆతా, మేడమ్," అంది. అంటే, ఆ ఎక్కం మాకూ రాదని. పిల్లలు కిసుక్కున నవ్వారు. తర్వాత మా పిల్ల చెప్పింది, ఇంకో ఇంట్లో ఒక తాతగారు కూడా లేచి వీపు చూపించారట.

సాయంత్రానికి, క్లాసులో ఎవరో తీసిన మా వీపుల ఫొటో తల్లుల గ్రూపులన్నీ తిరిగింది. మావాడు తల పట్టుకున్నాడు. స్కూల్ నుంచి ఫోన్ వస్తే సిస్టరమ్మే మాట్లాడింది: "పాపని కూర్చోమనండి, ముసలివాళ్లం మేమూ కూర్చుంటాం." ఆ శిక్ష అంతటితో ఆగింది.

ఆగినా, పిల్ల భయం ఆగలేదు. ఏడాది తర్వాత సూపర్‌మార్కెట్లో ఆ మేడమ్ కనిపిస్తే నా చీర కుచ్చిళ్ల వెనక దాక్కుంది. అది చూసి ఇంటికొచ్చి ఏడ్చాను.

"యేసుప్రభువు క్షమించమన్నాడు కదా, మీరు క్షమించారా?" అని సిస్టరమ్మని అడిగాను.

"అది ఆయన డ్యూటీ అండి. నేను రిటైరయ్యాను," అంది చారులో కరివేపాకు ఏరి పక్కన పెడుతూ. ఎంత ఇష్టంగా తిన్నా కరివేపాకు మాత్రం ఏరేసేది.

మొన్న ఆవిడ ఫ్లాట్‌లో ప్రార్థన పెట్టారు. మా మనవరాలు ఇప్పుడు నా భుజం దాటింది. వచ్చినవాళ్లకి తలుపు తీయడం దాని పని. లిఫ్ట్ ఆగితే ఆ మేడమ్ దిగింది, చేతిలో పూలతో. ఎవరు చెప్పారో, ఎందుకొచ్చిందో తెలియదు. నా చేతులు వాటంతటవే కట్టుకోబోయాయి. పిల్ల ఏం చేస్తుందోనని దాని వంక చూశాను.

పిల్ల కదలలేదు. ఆవిడ మొహంలోకి తిన్నగా చూసింది.

"చెప్పులు బయట విప్పండి, మేడమ్."

అవి పటకాల చెప్పులు. పూలు చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో గోడ పట్టుకుని ఆవిడ వంగింది. బకిల్ ఊడి రాలేదు. పాపిట్లో రంగు వెలిసి తెల్లగా ఉంది. పూలరేకులు ఒకటొకటే గచ్చు మీద రాలుతున్నాయి. నేను సాయం పట్టలేదు. పిల్ల తలుపు రెక్క పట్టుకుని, తొందరేమీ లేనట్టు, ఆవిడ నెత్తి వంక చూస్తూ నిలబడింది.