కోటేశ్వరక్క చెయ్యి పట్టుకుంటే

మా కోటేశ్వరక్కకు మనుషుల ముఖాలు కనపడవు, చేతులే కనపడతాయి. ఎదురైనవాళ్లు ఎవరైనా సరే, ముందు మణికట్టు పట్టుకుని, తిరగేసి, నరాలు ఏ రంగులో ఉన్నాయో చూసి, ఆ తర్వాతే బాగున్నారా అని అడుగుతుంది. యాభై దాటిన మనిషి కాబట్టి ఎవరూ ఏమీ అనుకోరు. సత్తెనపల్లిలో ఆమెది బ్యూటీపార్లర్, పక్కనే నాది ఫొటో స్టూడియో. ఊళ్లో అందరికంటే ఎక్కువసార్లు చెయ్యి తిరగేయించుకున్నవాణ్ని నేనే.

నరాలు ఆకుపచ్చగా కనపడితే తేనెరంగు, ఇటుకరంగు షేడ్లు నప్పుతాయి. నీలంగా కనపడితే గులాబీ, వంగపండు రంగులు. ఇదీ అక్క శాస్త్రం. ఇంత శాస్త్రం తెలిసిన మనిషి తన పెదాలకు మాత్రం ఈ జన్మలో నప్పని లేత గులాబీ లిప్‌స్టిక్ వేసుకుని తిరుగుతుంది. ఆ ముక్క ఆమెతో చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

ఓసారి బస్సులో కండక్టర్ ఆడవాళ్ల ఫ్రీ టికెట్ కొట్టడానికి ఆధార్ కార్డు కోసం చెయ్యి చాపాడు. అక్క ఆ చెయ్యి పట్టేసుకుంది.

"కార్డమ్మా, కార్డు!"

"ఉండు నాయనా. ఆకుపచ్చ! ఖాకీ నీకు భలే నప్పింది. ఉద్యోగం మాత్రం మానబాక."

జ్వరమొచ్చి డాక్టర్ దగ్గరికి వెళితే, నాడి చూద్దామని ఆయన ఈమె చెయ్యి పట్టుకున్నాడు, ఈమె ఆయన చెయ్యి పట్టుకుంది. లోపలికొచ్చిన నర్సుకు ఇంజెక్షన్ ఎవరికి చెయ్యాలో తెలియలేదు. మిరప కోతలకు వచ్చిన ఓ ముసలమ్మ, ఈమె నాడీవైద్యం చేస్తుందనుకుని తన చెయ్యి చాపింది. "నీలం నరాలమ్మా నీవి," అంది అక్క. అదే జబ్బు పేరనుకుని ముసలమ్మ వారం పాటు పథ్యం చేసింది.

పెళ్లిళ్లకు మేమిద్దరం కలిసే వెళతాం. టైము తరుముకొస్తుంటే ఈమె పెళ్లికూతురి ముఖం వదిలేసి చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది. నాకు ఒళ్లు మండిపోయేది.

మొన్న దాచేపల్లిలో జక్రయ్య మాస్టారి అమ్మాయి షారోన్ పెళ్లి. ఇంకో గంటలో చర్చిలో ఉండాలి. పిల్ల నలుపే కానీ కళగల ముఖమని మాస్టారు చెప్పారు. ఆ ముఖం నాకు కనపడితే కదా! తెల్లచీర కట్టుకుని, తల ఒళ్లోకి దించేసుకుని కూర్చుంది.

"నాకు ఫొటోలు వద్దండి," అంది నేలతో మాట్లాడుతున్నట్టు. "అబ్బాయి వాళ్లందరూ తెల్లగా ఉంటారు. వాళ్ల మధ్యలో నేను బాగోను."

మేనత్త ప్రేమమ్మ ఓ క్రీము డబ్బా తెచ్చి అక్క చేతిలో పెట్టింది. "ఇది మందంగా కొట్టండి. గోడకు సున్నం వేసినట్టుండాలి."

అక్క డబ్బా పక్కన పెట్టి, పిల్ల ముఖం వైపు చూడనైనా చూడకుండా, చెయ్యి పట్టుకుని తిరగేసింది.

"అక్కా, టైమవుతోంది!" అన్నాను.

"నోర్ముయ్ రా మాబూ. అబ్బబ్బ, ఏం ఆకుపచ్చ!"

"ఏంటి ఆంటీ?" అని షారోన్ తలెత్తింది. ఎత్తిన గడ్డాన్ని అక్క ఇక దిగనివ్వలేదు.

ప్రేమమ్మ మాటా కాదనలేదు. ఒక చెంపకు ఆ డబ్బాలోది, రెండో చెంపకు తన తేనెరంగు షేడ్ రాసి, పిల్లను వాకిట్లో ఎండలోకి తీసుకొచ్చింది. వెలుతురు పడగానే తెల్లచెంప బూడిదరంగుకు తిరిగింది. రెండోది నిగనిగలాడింది.

ప్రేమమ్మ అటూ ఇటూ తిరిగి చూసింది. "ఇటువైపుది మా పిల్లేనండి. అటువైపు ఎవరో నాకు తెలవదు."

నేను తీసిన ఫొటో కెమెరాలో చూసి షారోన్ పకపకా నవ్వింది. "ఆవిణ్ని కడిగెయ్ అత్తయ్యా! పెళ్లి నాది!"

ముస్తాబంతా అయ్యాక సామాను సర్దుతుంటే అడిగాను. "నిజం చెప్పక్కా, ఆ నరాల్లో అంత ఉందా?"

"నరాల్లో ఏముందిరా! దవడ దగ్గర కాస్త రాసి ఎండలో చూస్తే తెలిసిపోద్ది."

"మరి చెయ్యెందుకు?"

"నల్లపిల్ల, నల్లపిల్ల అని వింటా పెరిగినోళ్లురా. మనం ముఖం చూడబోతే తల దించేసుకుంటారు. చెయ్యి పట్టుకుంటే ఏంటా అని వాళ్లే తలెత్తుతారు."

"ఆ కండక్టరూ డాక్టరూ ఏం పాపం చేశారు?"

"వీళ్ల చేతులే పట్టుకుంటే, నలుపని పట్టుకుందనుకోరూ? అందరివీ పట్టుకుంటే, ఈవిడకు పిచ్చిలే అనుకుంటారు. అనుకోనీ."

నాకు ఆమె కాళ్లకు దండం పెట్టాలనిపించింది. చేతులు జోడిస్తే అవి కూడా తిరగేస్తుందని ఊరుకున్నాను.

కారెక్కబోతున్న షారోన్ గబగబా వెనక్కి వచ్చి, అక్క మణికట్టు పట్టుకుని తిరగేసింది.

"ఆంటీ, మీవీ ఆకుపచ్చే! ఈ గులాబీ లిప్‌స్టిక్ మీకు అస్సలు నప్పలేదు."

అక్క ఆ పిల్ల కళ్లలోకి చూసింది. పిల్ల తల దించలేదు.

అక్క కొంగుతో పెదాలు తుడిచేసుకుంది. "అయితే ఏది నప్పుద్దో నువ్వే వెయ్యి తల్లీ," అని ఎండలో గడ్డమెత్తి నిలబడింది.

పెళ్లికూతురు ఇటుకరంగు వెతుకుతోంది. డ్రైవర్ హారన్ మీద హారన్ కొడుతున్నాడు. టైమవుతోందని నేను మాత్రం అనలేదు. కెమెరా తీశాను.