అరచెయ్యి ఆనించి చూసే మనిషి

ఆ రోజు తప్పు నాదే. ఖతార్‌లోని అల్ వక్రాలో ఒక విల్లాలో పెంపుడు కొండచిలువ పెట్టెకు అడుగున హీటర్ బిగించాను. వేడిని కొలిచి హీటర్‌ను ఆపే తీగను హీటర్ మీద పెట్టకుండా, ఏసీ గాలి తగిలే పెట్టె అద్దానికి అంటించాను.

ఆ పామును చూసుకునే నిజామాబాద్ మనిషి రోజూ చేసినట్టే పెట్టె నేలకు అరచెయ్యి ఆనించాడు. "మీటర్ల తక్కువ చూపిస్తున్నది గని, కింద కాలుతున్నది సార్."

"నీ చెయ్యేమైనా మీటరా?" అని నవ్వాను.

మర్నాటికి పాము పొట్ట కాలింది. అతన్ని పనిలోంచి తీసేసి ఇండియాకు పంపేస్తానని యజమాని అరుస్తుంటే, నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు. అతనూ నా పేరెత్తలేదు. పాముకు మందు రాస్తూ, "దీనికి నోరు లేదు గద సార్" అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. మూడో రోజు వెళ్ళి, అతని ఎదుటే యజమానికి నా తప్పు చెప్పాను. అతని ఉద్యోగం నిలబడింది. నన్ను మళ్ళీ ఆ ఇంటికి పిలవలేదు.