చింతగింజల మార్కులు

జనగామలో కంటి దవాఖానకు పోయివచ్చి చెప్పులైనా విడవకముందే ఫోన్ టింగుమంది. మా సేవలు ఎలా ఉన్నాయి, నక్షత్రాలు నొక్కండి అని అడుగుతూ, కింద నా కంట్లో మందు వేసిన నర్సు పేరు కూడా ఇచ్చారు. బంగారంలాంటి పిల్ల, నేను ఒకటే మాట మళ్ళీ మళ్ళీ అడిగినా విసుక్కోలేదు. ఐదూ నొక్కేసి ఊరుకోక, అప్పటి నుంచి ఫోన్ తీయడం, పెట్టడం, మళ్ళీ తీయడం! "నొక్కితే నొక్కు, లేకుంటే లేదు, గింత పరేషాన్ ఎందుకే?" అని మా ఆయన కసిరాడు. ఆయనకేం తెలుసు! బస్సులు పట్టుకుని ఊళ్ళు తిరిగే ఉద్యోగాలు చేసిన నా ఈడువాళ్ళకైతే తెలుస్తుంది.

చాలా ఏళ్ళ కిందటి మాట, అప్పుడు నేను మానుకోటలో ఒక స్వచ్ఛంద సంస్థలో కొత్తగా చేరాను. కొత్తగూడ అడవి పల్లెల్లో ఆ సంస్థ చిన్న చిన్న దవాఖానలు నడిపేది. ఒక గది, ఒక మందుల బీరువా, ఒక నర్సమ్మ, అంతే. వాటిలో ఏది బాగా నడుస్తోంది, ఏది మూసేయాలి అని తేల్చడానికి, చదువు రానివాళ్ళు కూడా మార్కులు వేసేలా మా పెద్దసారు ఒక పద్ధతి తెచ్చారు. నేల మీద ముగ్గుపిండితో గుండ్రాలు గీయాలి. మందులకు ఒకటి, నర్సమ్మ మాటతీరుకు ఒకటి, పిలిస్తే రావడానికి ఒకటి. ఎంత బాగుంటే అన్ని చింతగింజలు, పదికి మించకుండా ఊరివాళ్ళే పెట్టాలి. ఆ ఊరి నర్సమ్మ మాత్రం అక్కడ ఉండకూడదు. ఎంత చక్కని పద్ధతి అని నేను తెగ మురిసిపోయాను.

నేను మొదట గింజలు పట్టుకుపోయిన ఊళ్ళో నర్సమ్మ, వాన పడితే చీర ఎగదోపుకుని, మందుల సంచి నెత్తిన పెట్టుకుని, వాగు దాటి పురుళ్ళకు పోయేది. పోడు చేలకే వెళ్ళి పిల్లలకు సూదులు వేసివచ్చేది. అలాంటి మనిషికి పదికి పది ఖాయమనుకున్నాను. తీరా చూస్తే ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గుండ్రంలో ఒక గింజ, మహా అయితే రెండు పెట్టి, నా ముఖం చూడకుండా పోతున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇంత చేసిన మనిషికి ఇదా మీరిచ్చేది అని అందరిలోకి పెద్దదైన అవ్వను గట్టిగానే అడిగాను.

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "మంచిగ చేస్తదంటే మీరు తోలుకపోరా బిడ్డా? మా బడి పంతులు మంచోడని పెద్ద సార్లకు చెప్పినం, గట్లనే తోలుకపోయిండ్రు. నర్సమ్మ మాకు గావాలె."

అయ్యో రామా! గింజలు తగ్గితే దవాఖానకే తాళం పడుతుందని, నిజం చెబితేనే నర్సమ్మ నిలుస్తుందని, గొంతు ఎండిపోయేదాకా చెప్పాను. వాళ్ళు గుసగుసలాడుకున్నారు. చివరికి అవ్వ ఇంట్లోకి పోయి, తన చింతగింజల గంప తెచ్చి, గుండ్రాల మీద బోర్లించింది. పది చాలు అవ్వా అంటే వినదే! ముగ్గు గీతలే కనబడకుండా పోయాయి.

దవాఖాన నిలిచింది. అన్నిటికన్నా ఎక్కువ మార్కులు దానికే వచ్చాయి. నర్సమ్మను మాత్రం, అంత బాగా పనిచేసే మనిషి మహదేవపూర్ దిక్కు కుంటుతున్న దవాఖానను బాగుచేస్తుందని, ఆ నెలలోనే అక్కడికి పంపేశారు. ఆమె జాగాలో ఇంకొకామె వచ్చింది. బస్సుకు వచ్చి బస్సుకు పోయేది. నేను పెద్దసారుతో కొట్లాడాను. మంచివాళ్ళను అవసరమున్న చోటికే కదా పంపాలి అన్నారాయన. అదీ నిజమే.

తరువాత మళ్ళీ గింజలు పట్టుకుని ఆ ఊరు పోతే, అవ్వ నన్ను తిట్టలేదు. మంచినీళ్ళు ఇచ్చింది. "మీరే పెట్టుకోండ్రి బిడ్డా, మాకు పనున్నది," అని చేనుకు నడిచింది. ఆ మాట ఇన్నేళ్ళయినా నన్ను కుదురుగా కూర్చోనివ్వదు.

ఇప్పుడు ముగ్గు లేదు, గింజలు లేవు, వేలు తాకిస్తే చాలు. అయితే ఆనాడు అడిగేదాన్ని నేను ఎదురుగా నేల మీద కూర్చుని ఉన్నాను కాబట్టి, తోలుకపోరా అని అవ్వ నన్ను నిలదీయగలిగింది. ఈ ఫోన్‌ను నేనేమని నిలదీయను? వచ్చే వారం మళ్ళీ కంటికి చూపించుకోవాలి. ఐదు నక్షత్రాలూ నా వేలి కింద అలాగే ఉన్నాయి, నాకు ఆ పిల్లే కావాలి.