ఎద్దుల కాళ్ళు, అమ్మ కాలు

ఎద్దుల పండుగ పొలాల అమావాస్యకు ముందురోజు, మా ఊరు రాజురా. ఇంట్లో ఉన్నవారు: నేను, నా భార్య, మా కోడలు, కాలు కడిగే పద్ధతి నేర్పడానికి వచ్చిన దవాఖాన నర్సమ్మ.

రోజూ రాసుకునే అలవాటు కొద్దీ ఆ సాయంత్రం కూడా ఇంతవరకు రాశాను గాని, ఆపైన చేయి సాగలేదు. నా భార్య ఎడమ కాలికి వచ్చినది బోదవాపేనని చంద్రపూర్ దవాఖానలో చెప్పిన నాటినుంచి నాకు ఒకటే భయం. వాపుతోపాటే వచ్చిన ఆ చలిజ్వరం మళ్ళీ వస్తుందేమో, వచ్చినప్పుడల్లా కాలు మరింత బరువెక్కి, ఆమెను కూడా మా అమ్మలాగే మూలగదిలో కూర్చోబెడుతుందేమో.

నర్సమ్మ బేసిన్‌లో నీళ్ళు పోసి, సబ్బు నురగతో కాలు మెల్లగా కడిగి, వేళ్ళ సందులు ఒక్కొక్కటే విడదీసి చూస్తుంటే నాకు మా నాయన కళ్ళముందు మెదిలాడు. పండుగ ముందురోజు ఆయన ఎద్దుల మెడలకు, కాడి ఒరుసుకునే చోట, వేడినీళ్ళ కాపడం పెట్టి, మోదుగాకుతో నెయ్యి, పసుపు రాసేవాడు. గిట్టల సందుల్లో రాయి ఇరికిందేమో, పుండు పడిందేమో వంగి చూసి, పాత ధోవతి గుడ్డతో తడి లేకుండా తుడిచేవాడు. చివరికి వాటి చెవి దగ్గర నోరు పెట్టి "ఇయ్యాల పిలుస్తున్న, రేపు బువ్వకు రావాలె" అని మర్యాదగా పిలిచేవాడు.

అదే వేళకు లోపల అమ్మ గొంగడి కప్పుకుని వణికేది. పళ్ళు కొట్టుకునే ఆ చప్పుడు పెరట్లోకి వినబడేది. బోదవాపుతో బరువెక్కిన ఆమె కాలును ఎవరూ కడగలేదు. "నీళ్ళు సోకితే ఇంకింత ఊరుతది, ఎవ్వలు తడపకుండ్రి" అని మా నాయనమ్మ కట్టడి చేసింది. పగుళ్ళలో బూడిద నింపి, చీరపేలికతో బిగించి కట్టేవాళ్ళు. జ్వరం వచ్చినప్పుడల్లా ఈసారి అమ్మ లేవదేమోనని నేను గడప ఇవతలే నిలబడి, ఆ చప్పుడు ఆగితే ఒక భయం, ఆగకపోతే ఇంకొక భయం పడేవాణ్ణి. పండుగనాడు ఎద్దులు వాకిట్లోకి రాగానే మాత్రం అమ్మ గోడ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ వచ్చి, చెంబుతో వాటి నాలుగు కాళ్ళూ కడిగి బొట్టు పెట్టేది. అది మాకెవ్వరికీ వింతగా తోచలేదు. కొన్నేళ్ళకు అలా రావడమూ ఆగిపోయింది.

నర్సమ్మ చూపినట్టు చేయబోయి నేను పిక్కను గట్టిగా అదిమాను. "గంత జోరుగ కాదు తాతా, కాలు నొస్తది. పైకి మెల్లగ నిమురుండ్రి. తడి ఉండద్దు, గట్టి కట్టు కట్టద్దు" అంది ఆమె. నా భార్య ఊరుకుంటుందా? "ఎద్దును తోమినట్టు తోముతున్నవేందయ్యా, రేపు నాకు కొమ్ములకు రంగు గూడ ఏస్తవా?" అంది. కోడలు పకపకా నవ్వింది. నేనూ నవ్వి, తువ్వాలుతో వేళ్ళ సందుల్లో తడి లేకుండా అద్దాను.

మా కొట్టంలో ఇప్పుడు ట్రాక్టరు ఉంది. చెవిలో చెప్పి పిలవడానికి మాకంటూ ఎద్దులు లేవు. పక్కింటివారి జోడు మా వాకిట్లోకి వస్తే అదే పండుగ. మందులు వచ్చాయి, ఇంటికి వచ్చి నేర్పే మనుషులు వచ్చారు. నాయన చేతులకు ఆ పని అంతా అప్పుడే తెలుసు. పెరడు దాటి అమ్మ ఉన్న గదిలోకి వెళ్ళమని ఆయనకు చెప్పినవాళ్ళే లేరు.

మరునాటి ఉదయం నా భార్య నాకంటే ముందే లేచి, సాయంత్రం వచ్చే జోడు కాళ్ళు కడగడానికి ఇత్తడి చెంబు తళతళా తోమి గడప పక్కన పెట్టింది. నేను బేసిన్ తెచ్చి, ముందు ఆమె నుదుటిమీద చేయి వేసి చూశాను. చల్లగానే ఉంది. అయినా ఇంకొకసారి చూసి, అప్పుడు కింద కూర్చుని ఆమె కాలు నీళ్ళలో పెట్టుకున్నాను.