నోరీన్ ఒక్కతే అరిచింది

మా క్లబ్బులో తుపాకీ పట్టడం నేర్చుకున్నవాళ్లలో వెండల్ క్రాట్జర్ చేత తిట్లు తిననివాళ్లు లేరు. వెండల్ మా చిన్నాన్న కొడుకు, నాకంటే ఐదేళ్లు చిన్న. పెన్సిల్వేనియా ఉత్తర కొండల్లో జింకల వేట మొదలయ్యే రోజున బడులకు సెలవిచ్చే ఊళ్లలో మాదొకటి. అలాంటి చోట ఇరవై ఆరేళ్లుగా కొత్తవాళ్లకు జాగ్రత్తలు నేర్పుతున్న మనిషికి ఎంత మర్యాద ఉంటుందో చెప్పక్కర్లేదు. వారమంతా గాజు ఫ్యాక్టరీలో అచ్చులు చెక్కేవాడు. ఆదివారం మాత్రం మా కాల్పుల మైదానానికి వచ్చి, అందరి వేళ్లూ చూస్తూ తిరిగేవాడు. తొందరపడి ట్రిగ్గర్ మీదికి పోయిన వేలు ఒక్కటైనా అతని కన్ను కప్పడం నేనెరగను.

భార్య పోయాక తొమ్మిదేళ్లు ఒంటరిగా డబ్బాల్లోని సూపు వేడి చేసుకు తాగాడు. తర్వాత ఈరీ నగరంలో ఒక పెళ్లిలో నోరీన్ తగిలింది. బడిలో పిల్లలకు వండిపెట్టే మనిషి, యాభై నాలుగేళ్లు, నవ్వితే గది మొత్తానికీ వినబడుతుంది. మావాడు అరవయ్యో ఏట కొత్త చొక్కాలు కొనడం మొదలుపెట్టాడు. నేను ఏడిపించినంత ఏడిపించాను. లోపల మాత్రం సంతోషించాను.

వచ్చిన చిక్కంతా ఒక్కటే. వెండల్ ఇంట్లో పందొమ్మిది తుపాకులున్నాయి. నోరీన్ పన్నెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, వాళ్ల మేనమామ భోజనాల బల్ల దగ్గర కూర్చుని పిస్తోలు తుడుస్తూ, ఖాళీయేలే అన్నాడు. ఖాళీ కాదు. తూటా చెక్కగోడ దాటి, పక్కగదిలో ఇస్త్రీ చేస్తున్న వాళ్లమ్మ మోచేతిలో దిగింది. ఆ చెయ్యి మళ్లీ వంగలేదు.

"నీతో ఉండాలనే ఉంది వెండల్. నీ ఇంట్లో ఉండగలనో లేదో తెలియడం లేదు" అందట. నవంబరు ఆఖరుకి ఈరీలో ఆమె అద్దె ఇంటి గడువు తీరిపోతుంది. ఈలోగా తేల్చుకోవాలి.

"నేర్చుకుని చూడు. అప్పటికీ భయమేస్తే అన్నీ తీసుకెళ్లి క్లబ్బు బీరువాలో పెట్టేస్తా" అన్నాడు ఇతను. మాట ఇచ్చాడంటే ఇచ్చినట్టే. ఆమెకూ అది తెలుసు.

ఆగస్టు నుంచి వెండల్ వంటింట్లో పాఠాలు మొదలయ్యాయి. ఇంట్లో ఒక్క తూటా కూడా లేకుండా చేసి, ఒక చిన్న రైఫిల్ బల్ల మీద పెట్టేవాడు. నేనొకసారి వెళ్లేసరికి గురువుగారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు.

"తుపాకీ మూతి ఎటుంది?"

"గోడకేసి."

"గోడవతల ఏముంది?"

"నీ కోళ్లగూడు. ఈ పూట గుడ్లు రావిక."

"నవ్వులాట కాదు నోరీన్. వేలు?"

"బయటే ఉంది మహానుభావా. నా చేతికి పుట్టినప్పటినుంచీ బయటే ఉంది."

నవ్విస్తూనే ఉంది గానీ, గొట్టంలోకి తూటాను తోసే బోల్ట్ గడియను తెరిచి లోపలికి చూసేటప్పుడు ఆమె చేతులు వణికేవి. కంటితో చూశాక చిటికెన వేలు కూడా పెట్టి తడిమేది. రైఫిల్ ఎవరి చేతికి మారినా ఇచ్చేవాళ్లు ఒకసారి, పుచ్చుకునేవాళ్లు ఒకసారి చూడాలి. చూశానని పక్కవాళ్లు చెప్పిన మాట లెక్కలోకి రాదు. వెండల్ అందరికీ నేర్పేది ఇదే. అక్టోబరు వచ్చేసరికి ఆమె చేతుల వణుకు తగ్గింది. నాకే ఫోన్ చేసి, "ట్రూడీ, మొన్న వెండల్ ఇంట్లో రాత్రంతా హాయిగా నిద్రపట్టిందే!" అని చెప్పింది.

మా క్లబ్బులో రెండు కట్టుబాట్లున్నాయి. మైదానంలో తప్పు కనబడితే, చూసినవాళ్లు నిన్నగాక మొన్న వచ్చినవాళ్లయినా సరే, "ఆపు!" అని అరవాలి. ఆ మాట వినగానే అందరూ తుపాకులు దించేస్తారు. రెండోది, ఎవరి తుపాకీ మూతి మనిషి మీదుగా తిరిగిందో వాళ్లు గురువారం సహపంక్తి భోజనంలో, వడ్డనకు ముందు లేచి నిలబడి ఆ సంగతి తామే చెప్పుకోవాలి. ఏడాదిపాటు మైదానంలో అడుగుపెట్టకూడదు. కిందటేడు మా పళ్ల డాక్టరు చెప్పుకున్నాడు. పాపం, ఏడ్చినంత పని చేశాడు. చూసి కూడా అరవనివాళ్లకూ ఇదే శిక్ష.

అక్టోబరు చివరి ఆదివారం నోరీన్‌ను మొదటిసారి మైదానానికి తెచ్చాడు. ఆ పూట అందరినీ కనిపెట్టి చూసే కాపలా కుర్చీ నాది. చలిగా ఉంది, ఎండ బాగా కాస్తోంది. మావాడి మొహం వెలిగిపోతోంది. కనబడినవాడికల్లా "ఈమే నోరీన్" అని చెప్పుకుంటున్నాడు. తూటా ఎలా కూర్చుంటుందో చూపిస్తానని ఒకటి తన చేత్తోనే గొట్టంలో పెట్టాడు. ఇంతలో ఎవరో పలకరిస్తే నవ్వుతూ జవాబిచ్చి, అయిదు తూటాల పెట్టెను కింద బిగించాడు. అంటే మొత్తం ఆరు.

ఆమె కాల్చింది. మొదటిదానికి అదిరిపడింది. మూడోది గురి కాగితం అంచున తగిలింది. అయిదోది నల్లచుక్కకు బెత్తెడు దూరంలో పడింది. సంతోషం పట్టలేక, బోల్ట్ వెనక్కి లాగి మళ్లీ ముందుకు తోసేసింది. తెరిచి ఉంచు అని పక్కనున్నవాడు చెప్పాలి. పక్కనున్నవాడు ఆ కాగితం కేసి చూసి మురిసిపోతున్నాడు.

"అయిదూ పడ్డాయి! ఇలా ఇవ్వు, భుజానికి ఎలా ఆనించాలో చూపిస్తా" అని రైఫిల్ అందుకున్నాడు.

"చూశావా?" అంది నోరీన్.

"లెక్కపెట్టానుగా" అన్నాడు వెండల్.

అలా అంటూనే ఆమె వైపు తిరిగాడు. మూతి ఆమె కడుపు మీదుగా వెళ్లింది.

"ఆపు!"

ఆ కేక నోరీన్‌ది. వరసలో ఉన్న ఏడుగురూ తుపాకులు దించేశారు. వెండల్ మూతిని గురి కాగితాల వెనక మట్టిదిబ్బ వైపు తిప్పి, బోల్ట్ లాగాడు. ఆరో తూటా బల్ల మీద పడి దొర్లింది. దాన్ని చూస్తూ అలా నిలబడిపోయాడు. నోరీన్ రెండు చేతులూ పొట్టకు అదుముకుని బెంచీ మీద కూలబడింది.

గురువారం వెండల్ లేచి నిలబడ్డాడు. సాకులు చెప్పలేదు, కుదించలేదు. ఆరు తూటాల సంగతీ, లెక్కపెట్టానని ఆమెతో అన్న మాటా, అన్నీ చెప్పాడు. హాల్లో నలభై మంది ఉన్నారు. వెనకనుంచి ఎవరో, "ఒరేయ్, పక్కన అంత అందగత్తె ఉంటే నాకైతే అసలు అంకెలే గుర్తుండవు!" అన్నారు. హాలు గొల్లుమంది. ఇరవై ఆరేళ్లలో ఒకసారి, దానికేముందిలే అన్నారు. ఏడాది శిక్ష ఇతనికి వద్దని అధ్యక్షుడే అన్నాడు. అందరూ చేతులెత్తారు. పళ్ల డాక్టరు కూడా ఎత్తాడు. జింక మాంసం కూర వడ్డించారు. వెండల్ వీపు మీద నేనూ ఒకటి చరిచాను. సిగ్గుపడుతూ, గండం గడిచినట్టు నవ్వాడు.

నోరీన్ చీజు వేసి కాల్చిన బంగాళాదుంపలు తెచ్చింది. మూత తీయకుండానే గిన్నె పట్టుకుని బయటికి నడిచింది. నేను వెంటపడ్డాను.

"వాళ్ల మాటలు పట్టించుకోకు. మొరటు మనుషులు, మనసు మంచిదే" అన్నాను.

"నీకెలా ఉందని నన్ను ఒక్కరు అడిగారా ట్రూడీ?"

గిన్నె అందుకోబోయాను, ఇవ్వలేదు.

"వెండల్ తప్పు చేశాడు, ఒప్పుకున్నాడు. అంతవరకే అయితే సర్దుకుపోయేదాన్నే" అని, గిన్నె కారు మీద పెట్టి నా కళ్లలోకి చూసింది. "ఆ తుపాకీ తిరుగుతున్నప్పుడు నేను నీ మొహం చూశాను. నువ్వు చూశావు. నోరు కూడా తెరిచావు. మాట మాత్రం రాలేదు."

ఆమె కారు తలుపు తీసింది.

"ఈ ఊళ్లో అతన్ని ఆపేవాళ్లు ఇంకెవరూ లేరు. బతికున్నన్నాళ్లూ ఆ ఇంట్లో నేనే కాపలా కాయాలా? నావల్ల కాదు. నాకు నిద్ర కావాలి."

ఆ వారమే ఈరీ వెళ్లి ఇంటి గడువు ఇంకో ఏడాదికి పొడిగించుకుంది. వెండల్ పందొమ్మిది తుపాకులూ క్లబ్బు బీరువాలో పెట్టి కబురు చేశాడు. మంచి పని చేశావంది, మనసారానే అంది. రాను అని కూడా చెప్పింది.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. గడ్డం పెరిగిపోయింది. కాఫీ ఇస్తే కప్పు చేతుల్లో పెట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

"తుపాకులు తీసేసినా ఎందుకు రానందో నాకు అర్థం కావట్లేదు. ఆ రోజు నీతో ఏమందో చెప్పు ట్రూడీ."

దాచాలనే అనుకున్నాను. దాచలేకపోయాను. అంతా చెప్పేశాను.

"నువ్వు చూశావా?" అన్నాడు.

"చూశాను."

"ముందే?"

"ఆమె అరవకముందే."

కప్పు బల్ల మీద పెట్టాడు. అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"మరి ఎందుకు అరవలేదు?"

"నువ్వు కదా అని" అన్నాను.