శనివారం ముహూర్తం

అమెరికాలోని ఎడిసన్‌లో శనివారం వచ్చిందంటే పురోహితుడు భీమశంకర శర్మగారి వ్యాను ఏదో ఒక పెళ్లి హాలు ముందు ఉంటుంది. పట్టుపంచె మీద చలికోటు, చెవిలో బ్లూటూత్, చేతిలో అల్యూమినియం ట్రేలు. ఫైర్ అలారం మోగుతుందని హోమాన్ని ఆ ట్రేలోనే నాలుగు పుల్లలతో అయిందనిపిస్తారు. హాలు టైమ్ అయిపోతోందంటే సప్తపదిని పరుగు మీద నడిపిస్తారు. ఇన్నేళ్లలో శాస్త్రం ఒక్కసారైనా ఆయన చెయ్యి పట్టుకుని ఆపిన పాపాన పోలేదు.

2014 వేసవిలో ఒక పెళ్లి అయ్యాక ఆయన సామాను సర్దుకుంటుంటే జ్ఞానప్రసూనగారు వచ్చారు. తన కూతురు నీహారికకీ, ఆమె ప్రేమించిన కేట్ అనే అమ్మాయికీ పెళ్లి జరిపించమని అడిగారు. అలాంటి పెళ్లిని ఆ రాష్ట్రంలో చట్టం కిందటేడే ఒప్పుకుంది. శర్మగారి మొహం జేవురించింది.

"ఇద్దరాడవాళ్లకా? శాస్త్రం ఒప్పుకోదమ్మా. చేసుకునే హక్కు వాళ్లకిచ్చిన చట్టమే, చెయ్యననే హక్కు నాకిచ్చింది. రెలిజియస్ ఫ్రీడమ్!"

"ఉందండీ, కాదనను. నేను చట్టం పట్టుకుని రాలేదు, మిమ్మల్ని అడగడానికొచ్చాను." ఆవిడ ట్రేలకి అడ్డంగా వచ్చి నిలబడ్డారు. "మా అబ్బాయి పెళ్లికి గురువారం ముహూర్తాన్ని, హాలు ఖాళీ లేదని శనివారానికి జరిపారు. ఆకాశంలో నక్షత్రాన్ని జరిపిన మనిషి, పీటల మీద ఇద్దరాడపిల్లల్ని కూర్చోబెట్టలేరా?"

శర్మగారు ట్రేలని ఒకదాన్లో ఒకటి దబదబా పడేశారు. అంతలో ఫోన్ మోగింది. ఆవిడకి వీపు తిప్పి, ఎంతో మెత్తగా అన్నారు:

"హాలు దొరికిందా? బుక్ చేసేయండి. ముహూర్తం సంగతి నేను చూసుకుంటాను."