కొండకి ఒక జత

మంగళవారం పొద్దున దుకాణం తెరవగానే బల్లమీదికి వచ్చిన మొదటి బూటు నోరు తెరుచుకుని ఉంది. ముందువైపు సోల్ ఊడి కిందికి వేలాడుతోంది. లోపల బంక వేడికి పాకంలా సాగి, మళ్ళీ గట్టిపడింది. కుట్ల సందుల్లో బూడిదరంగు దుమ్ము. మాస్టారు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆర్పిన అగ్గిపుల్ల వాసన.

"కొండేనా?" అని బూటునే అడిగినట్టు అడిగాడు.

"కొండేనండీ. పైన నేల కాలుతోంది, ఒకేచోట నిలబడకండి అన్నారు. ఫోటో కోసం నిలబడ్డాను" అన్నాడు తెచ్చినాయన.

"రెండోది ఏది?"

"అది బాగానే ఉందండీ, అందుకే తేలేదు."

"అదీ తీసుకురండి. ఒక్కదానికి చెయ్యను."

ఇది ఆయన పద్ధతి. ఒక కాలికి కొత్త సోల్, ఇంకో కాలికి అరిగిన సోల్ అయితే మనిషి ఒక పక్కకి ఒరిగి నడుస్తాడు, ఆ ఒరుగుడు మోకాలికి చేరుతుంది అంటాడు. చేస్తే రెండింటికీ చేస్తాడు, లేదా తిప్పి పంపేస్తాడు. అందుకే బస్టాండు మెట్లకింది దుకాణాల వరుసలో ఆయన్ని జతల మాస్టారు అంటారు. ఆయన లెక్కలో మనిషంటే జత. "పొద్దుటి నుంచీ ఎంతమంది వచ్చారు?" అని పక్క దుకాణం టైలర్ అడిగితే "నాలుగు జతలు" అంటాడు.

ఆయనకి యాభై దాటాయి. బస్టాండు వెనక ఒక అద్దె గది. గదిలో ఉన్న రెండు కుర్చీల్లో ఒకటి దుకాణానికి తెచ్చి, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి వేశాడు. ఇంట్లో దానిమీద కూర్చునేవాళ్ళు లేరు. భార్య కొన్నేళ్ళ కిందట చెల్లెలిని చూసి వస్తానని వేరే ఊరు వెళ్ళింది. అక్కడే ఆడపిల్లల హాస్టల్లో వంట పనికి కుదిరి ఉండిపోయింది. పెద్ద గొడవేమీ జరగలేదు. పండక్కీ పబ్బానికీ కూడా కాదు, ఒంట్లో బాగాలేదని ఎవరైనా చెప్తేనే ఫోన్లు.

ఆ కొండ ఊరికి సగం రోజు బస్సు ప్రయాణం. పొగలు కక్కే కొండ, అప్పుడప్పుడూ నిప్పులు కూడా. పైకి వెళ్ళొచ్చినవాళ్ళు బస్సు దిగి తిన్నగా మాస్టారు దగ్గరికే వస్తారు. ఇన్నేళ్ళుగా ఆ కొండని కొంచెం కొంచెంగా దులిపి చెత్తడబ్బాలో పోశాడు. ఒక్కసారి మొత్తంగా ఉన్నచోట చూడాలని ఆయనకి పట్టుకుంది. వానలు మొదలైతే దారి మూసేస్తారు. ఈ ఏడాది తప్పితే తన కాళ్ళమీద నమ్మకం లేదు. పాత తోలు బూట్లు తీసి, బంక జోలికి పోకుండా సోల్ మొత్తం మైనం పూసిన దారంతో కుట్టుకున్నాడు. తర్వాత కొండ ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"ఎంతమంది సార్?" అంది అక్కడి అమ్మాయి.

"ఒక జత" అన్నాడు మాస్టారు.

సాయంత్రం ఫోనుకి మెసేజ్ వచ్చింది. ఇద్దరికి సీట్లు ఖాయం, రెండోవారి పేరు శుక్రవారంలోగా చెప్పండి అని. చదివాక తల కొట్టుకున్నాడు. పొరపాటు దిద్దుకుందామని మళ్ళీ ఫోన్ చేసి, ముందు జాగ్రత్తగా అడిగాడు.

"ఒక్కళ్ళే వస్తే పంపరా అమ్మా?"

"పంపం సార్. జతగానే ఎక్కాలి."

"ఎందుకని?"

"పైన గ్యాస్ వస్తుంటుంది. అది తలకెక్కినవాళ్ళకి తెలీదు, తూలుతూ కూడా బాగానే ఉన్నాననుకుంటారు. అందుకని ఒకరి మొహం ఒకరు చూస్తూ ఉండాలి. పెదాలు రంగు మారినా, చూపు తేడాగా ఉన్నా పక్కవాళ్ళు కేకెయ్యాలి. గైడు ఒక్కడు అందరి మొహాలూ చూడలేడు కదా సార్."

మాస్టారు సరేనని పెట్టేశాడు. పొరపాటు సంగతి ఎత్తలేదు. ఎత్తితే ఉన్న సీటూ పోతుంది. ఇక శుక్రవారంలోగా ఒక మనిషి దొరకాలి.

ముందు టైలర్‌ని అడిగాడు.

"మంట చూడాలంటే అంత దూరమెందుకు మాస్టారూ? నేను ఇంటికి ఆలస్యంగా వెళ్ళిన రోజు నాతో రండి. టికెట్ కూడా లేదు" అన్నాడు టైలర్, మిషను ఆపకుండా. గుడ్డ అవతలికి జారాక మాత్రం తలెత్తాడు. "నిజంగానే అడుగుతున్నారా? నా నడుము సంగతి మీకు తెలుసుగా."

తర్వాత తమ్ముడికి ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, అది ఎప్పుడు పేలుతుందో దానికే తెలీదు. నీకెందుకొచ్చిన గొడవ?"

వెనక నుంచి మరదలి గొంతు వినిపించింది. "బావగారికి చెప్పండి, టీవీలో రోజూ చూపిస్తున్నారు. చెమట పట్టకుండా చూడొచ్చు."

తమ్ముడు గొంతు తగ్గించాడు. "ఒక్కడివే ఉండీ ఉండీ ఇలాంటివి తోస్తాయి. ఆదివారం భోజనానికి రా."

ఆదివారమే కొండకి వెళ్ళాల్సిన రోజు. ఆ మాట చెప్పకుండా "చూస్తాలేరా" అన్నాడు.

బుధవారం పని చేస్తూ, దుకాణానికి వచ్చేవాళ్ళలో ఎవరిని అడగొచ్చా అని ఆలోచించాడు. ఎడమ మడమ బయటికి తొక్కేవాడు ఒకడున్నాడు, నెమ్మదస్తుడు. బొటనవేలు దగ్గర ఎప్పుడూ చిల్లు పడే టీచరమ్మ ఉంది, బాగా నవ్వుతుంది. నవ్వు చెవిలో ఉంది. కాళ్ళు కళ్ళముందు ఉన్నాయి. ఆ కాళ్ళకి పైన ఎవరున్నారో ఎంత గింజుకున్నా తట్టలేదు. వీళ్ళు చెప్పులు లేకుండా వీధిలో ఎదురైతే పలకరించడు.

మధ్యాహ్నం బేరాలు సన్నగిల్లాక భార్యకి ఫోన్ చేశాడు.

"ఒంట్లో బాగానే ఉందా?" అంది ఎత్తగానే. అటువైపు గిన్నెల చప్పుడు.

"బాగానే ఉంది. ఒకచోటికి వెళ్ళాలి. నువ్వొస్తావేమోనని."

"ఎక్కడికి?"

"అగ్నిపర్వతానికి."

గిన్నెల చప్పుడు ఆగింది.

"ఆహా. సినిమాకి వెళ్దామంటే పనుందనేవారు. ఇప్పుడు ఏకంగా అగ్నిపర్వతమే?"

మాస్టారు గ్యాస్ సంగతి, జతగా ఎక్కే సంగతి చెప్పాడు. "ఒకరి మొహం ఒకరు చూస్తూ ఉండాలట" అన్నాడు.

అటువైపు గిన్నె మీద మూత పెట్టిన చప్పుడైంది.

"ఒకటడుగుతాను చెప్పండి. నా మొహం మీద పుట్టుమచ్చ ఏ వైపుంది?"

చేతిలో ఉన్న చెప్పుని అటూ ఇటూ తిప్పాడు మాస్టారు. "నీ ఎడమకాలి చిటికెనవేలు లోపలికి వంగి ఉంటుంది. చెప్పు అక్కడే ముందు తెగుతుంది."

"అది నాకూ తెలుసు. నేనడిగింది మొహం."

"కుడివైపు" అన్నాడు.

"నా మొహం మీద పుట్టుమచ్చ లేదండీ."

కోపంగా అనలేదు. అన్నం ఉడికిందన్నంత మామూలుగా అంది. పిల్లలకి తిండి వేళవుతోందని, తను రావడం కుదరదని చెప్పింది. వెళ్తే కళ్ళకి అద్దాలు పెట్టుకోమంది, దుమ్ము పడకుండా. మాస్టారు ఊఁ అన్నాడు. ఫోన్ పెట్టేశాక కూడా చెప్పు చేతిలోనే ఉంది. ఆ సాయంత్రం బల్లమీద పని మిగిలుండగానే దుకాణం కట్టేశాడు. ఆయన అలా కట్టెయ్యడం ఎప్పుడూ చూడలేదని టైలర్ తర్వాత వరుసలో అందరితో అన్నాడు.

శుక్రవారం కొండ ఆఫీసుకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. జత అంటే తన భాషలో ఒక్క మనిషని, రెండో మనిషి లేడని.

అమ్మాయి నవ్వింది. "మీ లెక్కలో రెండంటే ఒకటా సార్?"

"చెప్పులకి అంతే కదమ్మా."

"రెండో సీటు తీసేస్తే మీదీ పోతుంది మరి."

"తెలుసు. తీసెయ్యి."

కీబోర్డు టకటకలాడింది. ఆ అమ్మాయి ఏదో ఆలోచించుకుని మళ్ళీ అంది. "ఒక పని చెయ్యొచ్చు సార్. ఒంటరిగా వెళ్ళాలనేవాళ్ళ పేర్లు విడిగా రాసిపెడతాం. ఇద్దరు కుదిరితే కలిపి పంపిస్తాం. అవతలివాళ్ళు ఎవరో ఏమిటో తెలీదు. పర్లేదా?"

"పర్లేదు."

"దారి పొడుగునా వాళ్ళ మొహం చూస్తూ ఉండాలి. ముందే చెప్తున్నా."

"చూస్తాను" అన్నాడు మాస్టారు, కొంచెం ఆగి.

"దారి ఇంకో మూడు వారాలే తెరిచి ఉంటుంది సార్. ఈలోగా ఎవరైనా వస్తే మేమే ఫోన్ చేస్తాం."

"ఇప్పటికి ఎంతమంది ఉన్నారమ్మా?"

"మీతో కలిపి ఒకరు" అంది.